ఏ తొట్టిలో ఏది వేయకూడదో తెలిసిన షెడ్డు: పాత ఫియట్ లోహభాగాల పనిపై సమీక్ష

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామిక వాడలో, బ్లాస్టింగ్ (గట్టి రవ్వలను ఒత్తిడితో చిమ్మి తుప్పునూ, పాత రంగునూ ఊడగొట్టడం), జింక్ పూత, నికెల్ క్రోమ్ పూత, పౌడర్ కోటింగ్ (రంగు పొడిని వేడితో కరిగించి పూతగా గట్టిపరచడం) అనే నాలుగు పనులనూ ఒకే ఆవరణలో చేసే ఒక చిన్న షెడ్డు ఉంది. 1968 నాటి మా ఫియట్ 1100 డిలైట్ కారును విప్పి మళ్ళీ కడుతున్న సందర్భంలో, బాడీ షెల్ మినహా దాదాపు లోహభాగాలన్నిటినీ అక్కడికే ఇచ్చి శుభ్రం చేయించి, కొత్త పూతలు వేయించాను. ఉన్న పనికే మనుషులు చాలడం లేదు కనుక తన పేరు రాయవద్దని యజమాని కోరారు. ఆయన కోరిక న్యాయమైనదే. అయినా హైదరాబాద్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఇటువంటి షెడ్లు మరికొన్ని ఉన్నాయి కాబట్టి, పని అప్పగించే ముందు ఏమి చూడాలో, తిరిగి తీసుకునేటప్పుడు ఏమి పరీక్షించాలో చెబితే ఎవరికైనా పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. మెరుపు విషయంలో ఈ షెడ్డు మధ్యరకం. ఏ ముక్కకు ఏ పని చేయాలి, ఏ పని చేయకూడదు అన్న వివేకంలో మాత్రం మొదటిరకం. పాత కారు పనిలో ఆ రెండవ గుణానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఈ కారును బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారు చేసింది. 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్నదీ ఇదే వంశం కావడం వల్ల విడిభాగాల కొరత అంతగా లేదు. అయితే బజారులో దొరికే కొత్త బంపర్ల రేకు పలుచన, వంపు వేరు, బోల్టు రంధ్రాలు ఒకచోట ఉంటే మరొకచోట ఉండవు. దీనికి తోడు, కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాన్ని 20,000 రూపాయల రుసుముతో ప్రత్యేక శ్రేణిలో నమోదు చేయించుకోవాలంటే దాని చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ ఉద్దేశం ఉన్నవారు పాత ముక్కను పారేసి కొత్తది బిగించే ముందు, ఉన్నదాన్నే బాగుచేసుకునే మార్గం చూడటం మేలు.

షెడ్డులో నన్ను మొదట ఆకట్టుకున్నది యంత్రాలు కావు, గోనెసంచుల్లో తెచ్చిన సామాను విడదీసిన పద్ధతి. యజమాని ఒక అయస్కాంతమూ, ఒక సన్నని ఆకురాయీ పట్టుకుని కూర్చుని, ప్రతి ముక్కనూ చేతిలోకి తీసుకున్నారు. అయస్కాంతానికి అంటుకున్నది ఇనుము లేదా ఉక్కు కాబట్టి ఒక పక్కకు వెళ్ళింది. అంటుకోనిదాన్ని కనపడని చోట ఆకురాయితో ఒక్క గీటు గీసి, బరువు చూసి, అల్యూమినియం ఒక పక్కకు, జింకు మిశ్రమంతో పోతపోసిన భాగాలు మరో పక్కకు, ఇత్తడి రాగి ఇంకో పక్కకు పెట్టారు. ఈ విభజన సరిగా జరగకపోతే తరువాత ఎంత మంచి పూత వేసినా ప్రయోజనం ఉండదు. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని వదిలించడానికి ఈ షెడ్లలో వాడేది వేడి కాస్టిక్ సోడా తొట్టి. అది ఇనుముకు ఏ హానీ చేయకుండా గ్రీజునూ, పాత రంగునూ ఊడదీస్తుంది గాని, అల్యూమినియాన్ని మాత్రం హైడ్రోజన్ బుడగలు పొంగుతుండగా కరిగించివేస్తుంది. జింకు మిశ్రమం పరిస్థితి ఇంకా సున్నితమైనది. దానికి క్షారమూ పడదు, ఆమ్లమూ పడదు. తలుపు పిడులూ, కార్బ్యురేటర్ ఒడలూ ఆ కోవకు చెందినవే. నా కార్బ్యురేటర్‌ను విడిగా ఒక డబ్బాలో పెడుతూ ఆయన, "దీన్ని తొట్టిలో వేస్తే సాయంత్రానికి జెట్లు మాత్రమే మిగులుతాయి సార్" అన్నారు. జెట్లు, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు, ఇత్తడివి కాబట్టి ఆ హాస్యంలో నిజం ఉంది. దాన్ని ద్రావకంలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో తోమి, సన్నని గాజు పూసలను నీటితో కలిపి తక్కువ ఒత్తిడితో చిమ్మి శుభ్రం చేశారు. గరుకుదనం లేని, వెండిబూడిద రంగులో నునుపైన ఉపరితలం వచ్చింది. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క అదే.

వారు చేయనన్న పనుల జాబితా కూడా సమీక్షలో చేరవలసిందే. ముందు చక్రాల కాయిల్ స్ప్రింగులకు, వెనుక కమాన్ కట్టలకు, స్టీరింగ్ భాగాలకు జింక్ పూత వేయమని అడిగితే ఒప్పుకోలేదు. గట్టిపరచిన ఉక్కును ఆమ్లంలో ముంచినప్పుడు గానీ, విద్యుత్ పూత తొట్టిలో వేలాడదీసినప్పుడు గానీ పుట్టే హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. పైకి ఏ మార్పూ కనిపించదు. ఏదో ఒక రోజు బరువు పడినప్పుడు స్ప్రింగు ఉన్నట్టుండి విరుగుతుంది. పూత వేసిన కొద్ది గంటల్లోపే 200 డిగ్రీల సెల్సియస్ దాపు వేడిలో చాలాసేపు ఉంచితే ఆ హైడ్రోజన్‌ను చాలావరకు వెళ్ళగొట్టవచ్చు. అయితే ప్రాణం ఆధారపడే భాగం విషయంలో తమ ఓవెన్ మీద అంత భరోసా లేదని యజమాని స్పష్టంగా చెప్పారు. స్ప్రింగులను ఆమ్లం తగలకుండా బ్లాస్టింగ్ చేసి, ప్రైమరూ రంగూ వేసి ఇచ్చారు. డబ్బు వచ్చే పనిని కారణం చెప్పి వదులుకునే షెడ్డు తేలిగ్గా దొరకదు. మరో చోట ఇదే ప్రశ్న అడిగితే, బంగారు రంగు వచ్చేలా వేసి ఇస్తామని ఒక్క క్షణం ఆలోచించకుండా అన్నారు.

బ్లాస్టింగ్ సంగతికి వస్తే, ఇక్కడ నది ఇసుక వాడరు. గార్నెట్ వాడతారు, శ్రీకాకుళం, విశాఖ తీరపు ఇసుకలో ఇల్మనైట్, సిల్లిమనైట్‌లతో పాటు దొరికే ఎర్రని గట్టి ఖనిజం అది. ఇసుకలోని స్ఫటిక సిలికా పగిలి పొడిగా మారి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. బ్రిటన్‌లో బ్లాస్టింగ్‌కు ఇసుక వాడకాన్ని 1950లోనే ఆపించారు. మన వీధుల్లో గుడ్డ ఒకటి ముఖానికి చుట్టుకుని ఇసుక చిమ్మే కుర్రవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాం కాబట్టి, ఏ షెడ్డుకు వెళ్ళినా ముందుగా తొట్టెలో ఉన్నది ఇసుకా, గార్నెట్టా అని అడగమని నా సలహా. ఈ షెడ్డులో బ్లాస్టింగ్ చేసే మనిషికి బయటి గాలి అందే టోపీ ఉంది. బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి మెరుగుపెట్టడం) దగ్గర కూర్చున్న వృద్ధుడికి మాత్రం ముక్కుకు గుడ్డ కూడా లేదు. ఆ మాట యజమానితో అన్నాను. ఇచ్చినా పెట్టుకోరని బదులిచ్చారు. ఆ జవాబుతో నేను తృప్తిపడలేదు.

బ్లాస్టింగ్‌కు ముందు మడ్డిని పూర్తిగా గీకి, కాస్టిక్‌లో కడిగి, ఆరబెట్టిన తరువాతే ముక్కను గదిలోకి పంపడం ఇక్కడి నియమం. జిడ్డు మీద బ్లాస్టింగ్ చేస్తే ఆ జిడ్డు లోహపు గరుకులోకి అదమబడి, తరువాత రంగు పొరలుగా లేస్తుంది. పైగా గార్నెట్ అంతా పాడవుతుంది. సస్పెన్షన్ చేతులు, బ్రాకెట్లు, చక్రాల రిమ్ములు, పెడళ్ళు బ్లాస్టింగ్ నుంచి ఒకే తీరున బూడిద రంగులో, మూలల్లో కూడా తుప్పు చుక్క మిగలకుండా వచ్చాయి. బానెట్టూ, డిక్కీ మూతా కూడా చేయమంటే, వెడల్పాటి పలుచని రేకుకు ఆ దెబ్బలు తగిలితే ఉపరితలం సాగి ఉబ్బుతుందని, వాటి రంగును రసాయనంతో ఊడదీయడమే మంచిదని తిప్పిపంపారు. ఇంజిన్ బ్లాకునైతే ఆ గదిలోకే రానివ్వలేదు. నూనె దారుల్లో ఒక్క గార్నెట్ రవ్వ మిగిలినా బేరింగులు పాడవుతాయి కాబట్టి, ప్లగ్గులన్నీ విప్పి, వేడి తొట్టిలో ఉడికించి, దారులను సన్నని బ్రష్‌లతో తోమి, పీడనంతో కడిగారు. ఇంజిన్ నంబరు పొడిచిన చోట తీగ బ్రష్ కూడా పెట్టలేదు. రిజిస్ట్రేషన్ పత్రంలోని అంకెలతో సరిచూసేటప్పుడు అరిగిపోయిన నంబరు తెచ్చే తలనొప్పి ఎంతటిదో ఆర్టీవో కార్యాలయం చుట్టూ తిరిగినవారికి తెలుసు.

ఒక లోపం మాత్రం ఉంది. బ్లాస్టింగ్ అయిన ఉక్కుకు ఏ రక్షణా ఉండదు. గాలిలో తేమ ఉంటే కొన్ని గంటల్లోనే నారింజ రంగు తుప్పు పొర కడుతుంది. ఎండగా ఉన్న రోజుల్లో చేసిన ముక్కలకు వెంటనే ప్రైమర్ వేశారు గాని, వాన పడిన సాయంత్రం చేసిన రిమ్ములను మరునాటి దాకా అలాగే వదిలేశారు. మళ్ళీ బ్లాస్టింగ్ చేయమంటే అదనపు డబ్బు అడగకుండా చేశారు, నిజమే. నేను వెళ్ళి చూడకపోతే ఆ పొర మీదనే ప్రైమర్ పడి ఉండేదని నా అనుమానం.

కిటికీ అద్దాలను ఎత్తి దించే యంత్రాంగం, తలుపు బందులు, బానెట్ గొళ్ళెం వంటి సున్నితమైన భాగాలకు బ్లాస్టింగ్ బదులు విద్యుత్తుతో తుప్పు తీశారు. నీటిలో చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన ముక్కను ఋణ ధ్రువానికి, పనికిరాని ఇనుప రేకును ధన ధ్రువానికి తగిలించి, బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపడం ఈ పద్ధతి. మంచి లోహం ఒక్క రవ్వ కూడా పోకుండా తుప్పు మాత్రమే వదులుతుంది. దీన్ని ఇంటి దగ్గర చేసుకోవాలనుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. వెలువడే హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి గది తలుపులు మూసి చేయకూడదు. చేయి దూరని పెట్టె భాగాల లోపలికి మాత్రం టానిన్ ఉన్న ద్రావణం పోశారు; అది తుప్పుతో కలిసి నల్లని, గట్టి పొరగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద, బెల్లంతో ఇనుమును పులియబెట్టిన ద్రవంతో గీత గీస్తే నల్లబడటానికి కారణం కూడా ఇదే రసాయన చర్య అని తెలిసి, ఆ నల్లని ముక్కలను కాసేపు ఆసక్తిగా చూస్తూ నిలబడిపోయాను.

నట్లు, బోల్టులు, వాషర్లు, చిన్న బ్రాకెట్లు జింక్ పూతకు వెళ్ళాయి. పసుపు ఛాయ గల పాసివేషన్‌తో (జింకును కాపాడటానికి దాని మీద వేసే పలుచని రసాయన పొర), ఒక బోల్టుకూ మరో బోల్టుకూ రంగులో తేడా లేకుండా వచ్చాయి. ఇక్కడ వారు అడిగిన ప్రశ్న మెచ్చుకోదగినది: పూత ఎన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) కావాలి? బోల్టు మర మీద పూత నాలుగు రెట్ల ప్రభావం చూపిస్తుంది. 8 మైక్రాన్ల పూత వేస్తే మర పిచ్ వ్యాసం (మర పళ్ళ ఏటవాలు పక్కల దగ్గర కొలిచే వ్యాసం) 32 మైక్రాన్లు పెరుగుతుంది. అందంగా ఉంటుందని మందంగా వేయిస్తే, విప్పేటప్పుడు చేతితో తిరిగిన నట్టు బిగించేటప్పుడు పానాతో కూడా కదలదు. పలుచగానే వేయించుకున్నాను, ఇప్పటివరకు బిగించినవన్నీ హాయిగా ఎక్కాయి. అధిక బలం గల హెడ్ బోల్టులను, కనెక్టింగ్ రాడ్ బోల్టులను స్ప్రింగులకు చెప్పిన కారణంతోనే తొట్టిలో వేయలేదు.

ఇక క్రోమ్. పాత కారు ఇచ్చేవారిలో ఎక్కువమంది దీనికోసమే వస్తారు, ఎక్కువ డబ్బు పోయేదీ దీనికే, నేను అసంతృప్తితో ఉన్నదీ దీని గురించే. బంపర్ మీద మనకు కనిపించే నీలిఛాయ మెరుపు పొర మైక్రానులో సగం కూడా ఉండదు. దాని కింద నికెల్ పొర అంతకు ఎన్నో రెట్లు మందంగా ఉంటుంది; తుప్పును ఆపేదీ, అద్దంలాంటి నునుపును ఇచ్చేదీ ఆ నికెలే. దాని కింద రాగి, రాగి కింద ఉక్కు. పాత పూతలు తీసివేసిన తరువాత ఉక్కులోని సొట్టలు కొట్టి, గుంటలు పూడ్చి, మొరటు రాపిడి నుంచి నున్నని బఫ్ దాకా చేసే పనే అసలు పని. తొట్టి దాచేది ఏమీ ఉండదు; కింద ఉన్న ప్రతి గీతనూ మెరిపించి చూపిస్తుంది.

ముందు బంపర్ చాలా బాగా వచ్చింది. వెనుక బంపర్‌ను ట్యూబులైటు కింద పట్టుకుని చూస్తే, గీతలా నిటారుగా కనిపించవలసిన దీపపు నీడ రెండు చోట్ల అలలా వంకర పోయింది. సొట్టలను సుత్తితో సరిచేసి, ఆకురాయితో పూర్తిగా చదును చేయకుండానే బఫ్ మీదికి పంపారన్నమాట. చక్రాల కప్పుల మధ్యలోని అక్షరాల అంచులు బఫింగ్‌లో అరిగి గుండ్రబడ్డాయి. అరిగిన లోహాన్ని ఎవరూ తిరిగి తేలేరు కాబట్టి అన్నిటికంటే నాకు బాధ కలిగించింది ఇదే. అక్షరాలూ, పదునైన అంచులూ ఉన్న ముక్కలను పెద్ద చక్రానికి బదులు చిన్న బఫ్‌తో చేయమని ముందే రాసి ఇవ్వడం మంచిది. జింకు మిశ్రమపు తలుపు పిడుల సంగతి వేరు. ఆ లోహం లోపలి నుంచి గుంటలు పడుతుంది. గుంటను తొలిచి, రాగి పోసి నింపి, మళ్ళీ చదును చేయాలి. ఆమ్ల స్వభావం గల రాగి తొట్టి జింకును తినేస్తుంది కాబట్టి మొదటి పలుచని రాగి పొరను సయనైడ్ తొట్టిలో వేస్తారు. ఇంత శ్రమ జరిగిన తరువాత కూడా ఒక పిడి మీద సూది మొనంత పొక్కులు రెండు లేచాయి. దానికి షెడ్డును పూర్తిగా తప్పుపట్టను; పనికి ముందే హామీ ఇవ్వలేమని చెప్పారు. పిడి లోపలి వంపులో మాత్రం పసుపు ఛాయ మిగిలింది. క్రోమ్ తొట్టిలో కరెంటు లోతైన చోట్లకు సరిగా చేరదు. అక్కడ కనిపించేది క్రోమ్ ఎక్కని నికెల్. అదనపు ధన ధ్రువాన్ని లోపలికి అమర్చి వేస్తే ఆ పసుపు ఉండేది కాదు. చెప్పగానే ఒప్పుకుని మళ్ళీ వేశారు, ఈసారి సరిగా వచ్చింది.

బంపర్ల వెనుక భాగాన్ని వారు పట్టించుకోలేదు. అక్కడ పూత నామమాత్రంగా ఉంటుంది; వానకు తడిసే భాగం అదే. బిగించే ముందు ఎవరికి వారు ప్రైమరూ, అల్యూమినియం రంగూ వేసుకోవాలి.

పౌడర్ కోటింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సస్పెన్షన్ చేతులు, బ్యాటరీ పళ్ళెం, పెడళ్ళు నిగనిగలాడే నలుపులో వచ్చాయి. అసలు కారులో ఇంత నిగారింపు ఉండేది కాదు కాబట్టి సగం మెరుపు పొడి అడగండి. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పొడి కరిగి గట్టిపడుతుంది కనుక రబ్బరు బుష్‌లు, నింపిన పుట్టీ, తగరం సీసంతో అతికిన కీళ్ళు ఉన్న ముక్కలను ఇవ్వకూడదు. బుష్‌లు ఎక్కే రంధ్రాలకు టేపు అంటించాలని చెప్పినా ఒక సస్పెన్షన్ చేతికి మరిచిపోయారు. గీకి తీయడానికి నా మెకానిక్‌కు ఒక పూట పట్టింది.

మురుగునీటి ఏర్పాటును చూపించమని అడిగితే చూపించారు. క్రోమ్ కడిగిన నారింజ పసుపు నీటిని ఆమ్లీకరించి, మెటాబైసల్ఫైట్ కలపగానే ఆకుపచ్చగా మారింది. ఆ రంగు మార్పుకు అర్థం, క్యాన్సర్ కారకమైన ఆరు సంయోజకతల క్రోమియం చాలా తక్కువ హానికరమైన మూడు సంయోజకతల రూపానికి దిగింది అని. తరువాత సున్నం కలిపి మడ్డిగా దించుతారు. చూపించడానికి వెనుకాడే షెడ్డుకు నేనైతే బంపర్ ఇవ్వను.

లెక్కాపత్రం బలహీనం. నేను ప్రతి ముక్కనూ ఫోటో తీసి, జాబితా రాసి, సంచికొక తీగ చీటీ కట్టి ఇచ్చినా, తిరిగి వచ్చినప్పుడు మా బోల్టులతో పాటు ఏదో బుల్లెట్ మోటారు సైకిలు నట్లు కొన్ని కలిసి వచ్చాయి, మా తలుపు బందుల మరలు కొన్ని రాలేదు. కాగితపు చీటీలు తొట్టిలో కరిగిపోతాయి; అల్యూమినియం చీటీలు కాస్టిక్‌లో కరిగిపోతాయి. స్టీలు రేకు మీద నంబరు పొడిచి, ఉక్కు తీగతో కట్టడమే ఉపాయం.

ధరలు జింక్‌కు కిలో లెక్కన, బ్లాస్టింగ్‌కు గంట లెక్కన, క్రోమ్‌కు ముక్క చూసి చెబుతారు. రెండు బంపర్లకు, పిడులకు, చక్రాల కప్పులకు కలిపి అయిన ఖర్చు మిగతా పనులన్నిటికీ అయినదానికంటే ఎక్కువ. నికెల్ ధరను బట్టి క్రోమ్ ధర మారుతుంది కాబట్టి నోటిమాటతో కాకుండా కాగితం మీద రాయించుకోండి. చెప్పిన గడువుకు జింక్, పౌడర్ పనులు అందాయి. క్రోమ్ మాత్రం చాలా ఆలస్యమైంది. వానలు తగ్గాక ఇస్తే బ్లాస్టింగ్ నాణ్యత మెరుగ్గా ఉంటుంది. వెనుక బంపర్‌ను మళ్ళీ విప్పి చదును చేసి ఇస్తామని యజమాని తామే అన్నారు. రాగి పొర వేసిన తరువాత, నికెల్ తొట్టికి వెళ్ళకముందు నాకు చూపించాలన్న షరతుతో ఇచ్చి వచ్చాను.